డెలోరియన్ డీఎంసీ-12 విడిభాగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డెలోరియన్ కారు ఉన్నవారూ, కొనే ఆలోచనలో ఉన్నవారూ విడిభాగాల గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఈ కార్లలో అత్యధికం అమెరికాలోనే ఉన్నాయి కాబట్టి, దుకాణాలు, నిబంధనల సంగతి చెప్పేటప్పుడు ప్రధానంగా అమెరికానే దృష్టిలో పెట్టుకున్నాం. భారతదేశంలో ఉన్నవారి ప్రశ్నలకు సమాధానాలు చివర ఉన్నాయి.

ఈ కారు ఎంతకాలం తయారైంది? మొత్తం ఎన్ని కార్లు వచ్చాయి?

జనరల్ మోటార్స్‌లో పాంటియాక్ విభాగానికి అధిపతిగా పనిచేసిన జాన్ డెలోరియన్ 1975లో సొంత కంపెనీ స్థాపించి, బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ శివారు డన్‌మరీలో ఫ్యాక్టరీ కట్టించారు. 1981 జనవరిలో మొదలైన ఉత్పత్తి 1982 డిసెంబరుతో ఆగిపోయింది. ఆ రెండేళ్లలో దాదాపు 9,000 కార్లు బయటికి వచ్చాయి. ఆకారం ఇటలీకి చెందిన డిజైనర్ జుజారోది, చాసీ (కారు కింది చట్రం), సస్పెన్షన్ ఇంగ్లండ్‌లోని లోటస్ కంపెనీ పని, ఇంజిన్, గేర్‌బాక్సులు ఫ్రాన్సువి. విడిభాగాలు వెతికేవారు ఈ మిశ్రమ పుట్టుకను మొదటే గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే ఒక భాగం దొరుకుతుందా లేదా అన్నది చాలాసార్లు అది ఏ దేశంలో, ఏ కంపెనీ కోసం పుట్టిందన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.

కంపెనీ 1982లోనే మూతపడింది కదా, నేటికీ భాగాలు ఎలా దొరుకుతున్నాయి?

వినడానికి విచిత్రంగా ఉన్నా, కంపెనీ అంత త్వరగా కూలిపోవడం వల్లే దొరుకుతున్నాయి. డన్‌మరీ ఫ్యాక్టరీ అమ్మకాలు బాగా ఉంటాయన్న అంచనాతో విడిభాగాలను పెద్ద ఎత్తున తెప్పించి పెట్టుకుంది. అంచనా తప్పింది. 1982 ఫిబ్రవరిలో కంపెనీ దివాలా వ్యవహారాలు చూసే రిసీవర్ల చేతికి వెళ్లింది, అదే సంవత్సరం అక్టోబరులో ఫ్యాక్టరీ మూసివేత ప్రకటన వెలువడింది. కార్లలో బిగించకుండా మిగిలిన భాగాల గుట్టను, అమ్ముడుపోని కార్లతో సహా, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌కు చెందిన కన్సాలిడేటెడ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ కొనేసింది. దివాలా తీసిన కంపెనీల సరుకును టోకున కొని అమ్మడమే ఆ సంస్థ వ్యాపారం. 1997లో ఆ నిల్వ టెక్సస్‌లో హ్యూస్టన్ పక్కనున్న హంబుల్ పట్టణానికి చేరింది. లివర్‌పూల్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన స్టీఫెన్ విన్ అనే మెకానిక్ అప్పటికే డెలోరియన్ల మరమ్మతు వ్యాపారం నడుపుతున్నారు. ఆయన ఆ నిల్వను కొని, డెలోరియన్ మోటార్ కంపెనీ పేరుతోనే అమ్మకాలు సాగించారు. ఇప్పుడు ఆ వ్యాపారం క్లాసిక్ డీఎంసీ పేరుతో నడుస్తోంది. డెలోరియన్ పేరుతోనే, ఈ మధ్య ఎలక్ట్రిక్ కారు నమూనాతో వార్తల్లోకి వచ్చిన శాన్ ఆంటోనియో కంపెనీ వేరు. పాత కారుకు గాస్కెట్ (జాయింట్ల దగ్గర కారకుండా ఆపే పొర) కావలసినవారు అక్కడ విచారించి లాభం లేదు.

హ్యూస్టన్, డల్లాస్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారికి ఇది కలిసివచ్చే సంగతి. బరువైన భాగాలకు రవాణా ఖర్చు మిగలడమే కాక, తీసిన పాత భాగాన్ని చేత్తో పట్టుకెళ్లి కొత్తదాని పక్కన పెట్టి చూసుకునే వీలు కూడా ఉంటుంది. దూరాన ఉండి ఫొటోలు చూసి కొనేవారికి ఆ సదుపాయం ఉండదు. హంబుల్ ఒక్కటే కాకుండా, అమెరికాలోనూ యూరప్‌లోనూ ఈ కారుకే అంకితమైన చిన్న వర్క్‌షాపులు కొన్ని ఉన్నాయి. అవి సొంతంగా మెరుగైన భాగాలు చేయించి అమ్ముతుంటాయి.

అయితే అన్ని భాగాలూ దొరుకుతాయని అనుకోవచ్చా?

మెకానికల్ భాగాల్లో చాలామటుకు దొరుకుతాయి. అసలు చిక్కు స్టీలు ప్యానెళ్లతో. ఈ కారు పైతొడుగు రంగు వేయని స్టెయిన్‌లెస్ స్టీలు, 304 రకం. ఆ ప్యానెళ్లను నొక్కి ఆకారం ఇచ్చే అచ్చులు ఫ్యాక్టరీ మూతపడ్డాక తుక్కు కింద అమ్ముడుపోయాయి. వాటిలో కొన్ని ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వే ప్రాంతంలో, చేపల పెంపకం వలలు కొట్టుకుపోకుండా లంగరు బరువులుగా సముద్రం అడుగుకు చేరాయి. కాబట్టి నిల్వలో ఉన్న ఫెండరు (చక్రం మీది ప్యానెల్) ఒకటి అమ్ముడుపోతే, ఆ మేరకు ప్రపంచంలో ఒక ఫెండరు తగ్గినట్లే. గుద్దుకున్నప్పుడు ముందుగా దెబ్బతినేవి ముందు మూలలే కనుక, అక్కడి ప్యానెళ్లకు గిరాకీ ఎక్కువ. పాతదైనా సరే, సొట్టలు తీయదగిన స్థితిలో ఉన్న ప్యానెల్ న్యాయమైన ధరకు దొరికితే, ఇప్పుడు అవసరం లేకపోయినా కొని దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. మరే భాగం విషయంలోనూ ఈ సలహా ఇవ్వను.

ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 1980లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 85,000 డాలర్లకు బంగారు పూత డెలోరియన్లను అమ్మకానికి పెడితే రెండే అమ్ముడుపోయాయి. వాటికి దెబ్బ తగిలితే మార్చడానికని బంగారు పూత ప్యానెళ్లను ఒక సెట్టు అదనంగా చేసి ఉంచారు. చివరికి ఆ విడి ప్యానెళ్లతోనే మూడో బంగారు కారు తయారైంది.

ఆర్డర్ పెట్టే ముందు నా కారు గురించి ఏయే వివరాలు తెలుసుకోవాలి?

17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్య, దానితోపాటు డోరు దగ్గరి స్టిక్కరు మీదున్న తయారీ నెల, సంవత్సరం. సంఖ్య ‘ఎస్‌సీఈడీటీ26టీ’ అన్న అక్షరాలతో మొదలవుతుంది, చివరి అంకెలు మీ కారు వరుస సంఖ్యను చెబుతాయి. ‘1981 మోడల్’ అని మాత్రం చెబితే అమ్మేవారికి సగం సమాచారమే ఇచ్చినట్లు. డన్‌మరీలో మార్పులు మోడల్ సంవత్సరం కోసం ఆగలేదు, ఉత్పత్తి నడుస్తుండగానే జరిగిపోయాయి. ఉదాహరణకు ముందు మూతనే చూడండి. తొలి కార్లలో దాని మీద పెట్రోలు పోసే చిన్న తలుపు, రెండు పొడవాటి గాళ్లు ఉండేవి. తర్వాత తలుపు పోయి గాళ్లు మాత్రమే మిగిలాయి. ఆ తర్వాత గాళ్లు కూడా పోయి, కంపెనీ పేరుతో చదునైన మూత వచ్చింది. లోపలి తొడుగులు మొదట నలుపు, తర్వాత బూడిద రంగు. రేడియో యాంటెన్నా తొలుత ముందు అద్దంలోనే ఉండేది, తర్వాత ఫెండరు మీదికి, ఆపైన వెనక గ్రిల్లులోకి మారింది.

ఇంకో మెలిక కూడా ఉంది. నలభై ఏళ్లకు పైబడిన కారు ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏ భాగం బిగించారో చెప్పలేం. స్టిక్కరు మీది తేదీ ప్రకారం ఉండాల్సిన భాగం కారులో ఉండకపోవచ్చు. అందుకే గుర్తింపు సంఖ్య చెప్పడంతో సరిపెట్టుకోకుండా, విప్పిన భాగాన్ని కొలిచి, ఫొటో తీసి, ఆ తర్వాతే ఆర్డర్ పెట్టాలి.

ఇంజిన్ వోల్వోదే కదా, వోల్వో భాగాలు బిగించుకోవచ్చా?

వోల్వో ఇంజిన్ అనడం సరికాదు. ప్యూజో, రెనో, వోల్వో కలిసి అభివృద్ధి చేసి, ఫ్రాన్సులోని డూవ్రాన్ ఫ్యాక్టరీలో తయారుచేసిన వీ6 అది. మూడు కంపెనీల మొదటి అక్షరాలతో దానిని పీఆర్‌వీ అంటారు. డెలోరియన్‌లో ఉన్నది 2,849 సీసీ రకం, అమెరికా కార్లలో దాని శక్తి 130 హార్స్‌పవర్. ఇదే కుటుంబపు ఇంజిన్లు వోల్వో 260, 760 శ్రేణుల్లోనూ, ప్యూజో 604లోనూ, రెనో 30లోనూ, ఆల్పీన్ ఏ310లోనూ వాడారు.

అందువల్ల ఆయిల్ ఫిల్టరు, కొన్ని సీళ్లు, గాస్కెట్లు, లోపలి అరుగుదల భాగాల వంటివి ఆ కార్ల కోసం అమ్మేవాటిలోంచి తీసుకోవచ్చు. డెలోరియన్ పేరున్న పెట్టెలో వచ్చినదానికన్నా అవి చవగ్గానూ దొరుకుతాయి. అయితే ఒక హద్దు ఉంది. 1980ల మధ్యలో ఈ ఇంజిన్‌ను క్రాంక్‌షాఫ్ట్ మార్చి, సిలిండర్లు సమాన వ్యవధిలో మండేలా తిరిగి రూపొందించారు. ఆ తర్వాతి వోల్వోలవీ, ఈగిల్ ప్రీమియర్ కారులోని 3 లీటర్ల ఇంజిన్‌వీ ఇగ్నిషన్ భాగాలు మన కారుకు పనికిరావు. కొందరు ఆ 3 లీటర్ల ఇంజిన్‌నే మొత్తంగా దించి డెలోరియన్‌లో బిగిస్తారు. అది వేరే ప్రాజెక్టు, విడిభాగం మార్పు కాదు. మరోపక్క, పాత వోల్వోలు అమెరికా తుక్కు యార్డుల్లో అరుదైపోతున్నాయి. యార్డులో దొరుకుతుందిలే అన్న ధీమాతో మరమ్మతు మొదలుపెట్టడం ఇక మంచిది కాదు.

ఇంజిన్ గురించి మాట్లాడేటప్పుడు రెండు సిలిండర్ల వరుసల మధ్య, ఇన్‌టేక్ కింద ఉండే లోయను తప్పక చెప్పుకోవాలి. ఆకులు, మట్టి, కారిన కూలెంట్ అక్కడ చేరి అల్యూమినియం బ్లాకును తినేస్తాయి. యజమానులు దానికి ‘మృత్యులోయ’ అని పేరు పెట్టుకున్నారు. వాటర్ పంపు మార్చడానికి ఆ భాగం ఎలాగూ విప్పాలి. విప్పినప్పుడే అక్కడి గొట్టాలు, క్లిప్పులు, ఇన్‌టేక్ గాస్కెట్లు అన్నీ మార్చేయాలి. వాటి ధర తక్కువే, అక్కడికి చేరుకోవడానికయ్యే కూలీ ఎక్కువ.

చల్లగా ఉన్నప్పుడు ఇంజిన్ వెంటనే స్టార్ట్ అవుతోంది, వేడెక్కాక ఆపితే మళ్లీ స్టార్ట్ కావడం లేదు. ఏ భాగం కొనాలి?

ఇంకా ఏదీ కొనకండి. ఈ లక్షణం చూసి చాలామంది పెట్రోలు పంపు, వార్మప్ రెగ్యులేటరు, చివరికి ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటరు దాకా వరసగా మార్చేసి డబ్బు పోగొట్టుకుంటారు. ఈ కారులో ఉన్నది బాష్ కంపెనీ కే-జెట్రానిక్ ఇంధన వ్యవస్థ. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా గొట్టాల్లో పీడనం కొంతసేపు నిలవాలి. నిలవకపోతే ఇంజిన్ వేడికి పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది, ఇక స్టార్టరు ఎంత తిప్పినా ఫలితం ఉండదు. ఆ పీడనాన్ని పట్టి ఉంచేది అక్యుములేటర్ అనే చిన్న స్టీలు డబ్బా. దానిలో స్ప్రింగు, పల్చని డయాఫ్రమ్ ఉంటాయి. డయాఫ్రమ్ చిరిగిందో లేదో తెలుసుకోవడం తేలికే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, అక్యుములేటరు వెనక వైపు సన్నని రిటర్న్ గొట్టం ఊడదీసి పంపును నడిపించాలి. ఆ రంధ్రంలోంచి పెట్రోలు కారితే డయాఫ్రమ్ పోయినట్లే. కారకపోతే ప్రెషర్ గేజ్ బిగించి పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే, పంపు దగ్గరి చెక్ వాల్వును అనుమానించాలి.

ఈ ఇంధన వ్యవస్థను మెర్సిడెస్, పోర్షే, వోల్వో, ఆడి కార్లలోనూ వాడారు కాబట్టి, దాన్ని విప్పి బాగుచేసే నిపుణులు ఇంకా ఉన్నారు. ఫ్యూయల్ డిస్ట్రిబ్యూటరు, వార్మప్ రెగ్యులేటరు వంటివి కొత్తవి కొనడం కన్నా మీ కారులో ఉన్నవాటినే నమ్మకమైన చోట రీబిల్డ్ చేయించడం మేలు. పైకి ఒకేలా కనబడే రెగ్యులేటర్లు వేర్వేరు కార్లకు వేర్వేరు పీడనాలకు అమర్చి ఉంటాయి. వాటి మీద చెక్కిన బాష్ నంబరు చూడకుండా వేరే కారుది తెచ్చి బిగించకూడదు.

ఫ్యాక్టరీ కాలంనాటి వాడని భాగం దొరికితే అదే కొనాలా? కొత్తగా చేసినది కొనాలా?

భాగాన్ని బట్టి చెప్పాలి. బ్యాడ్జీలు, స్విచ్చులు, స్టీలు, గాజు, లోహపు బ్రాకెట్ల విషయంలో నాటి సరుకుకు సాటి లేదు. రబ్బరుతోనూ ప్లాస్టిక్‌తోనూ చేసినవాటి సంగతి వేరు. 1981లో తయారై పెట్టెలోనే ఉండిపోయిన పెట్రోలు గొట్టం వయసు, కారులో ఉన్నదాని వయసూ ఒకటే. దాన్ని ‘ఒరిజినల్’ అని రెట్టింపు ధర పెట్టి కొని బిగించడం ప్రమాదాన్ని కొనుక్కోవడమే. పైగా నేడు అమెరికాలో అమ్మే పెట్రోలులో ఎథనాల్ కలుస్తుంది, ఆనాటి రబ్బరు దానికి తట్టుకోదు. ట్యాంకులోని పంపు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, సక్షన్ గొట్టం, ఇంజిన్ దగ్గరి గొట్టాలు తప్పనిసరిగా నేటి పదార్థంతో చేసినవే అయి ఉండాలి.

కూలెంట్ బాటిల్ మరో ఉదాహరణ. ఫ్యాక్టరీ ఇచ్చినది ప్లాస్టిక్‌ది. కాలక్రమంలో పెళుసెక్కి పగులుతుంది. ఒక్కసారి కూలెంట్ పోయిందంటే అల్యూమినియం ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ల దాకా ఖర్చు తెస్తుంది. లోహంతో చేసిన బాటిళ్లు దొరుకుతున్నప్పుడు, ప్రదర్శనల్లో మార్కుల కోసం తప్ప, ప్లాస్టిక్‌ది కొనడంలో అర్థం లేదు.

ట్రెయిలింగ్ ఆర్మ్ బోల్టులు తప్పక మార్చాలని అందరూ అంటారు, ఎందుకు?

వెనక చక్రాలను చాసీకి పట్టి ఉంచే పొడవాటి చేతుల (ట్రెయిలింగ్ ఆర్మ్‌ల) ముందు కొసలో, ఒక్కో వైపు ఒక్కో బోల్టు ఉంటుంది. ఆ చక్రం మీద పడే ముందు వెనకల ఒత్తిడి అంతా ఆ ఒక్క బోల్టే మోస్తుంది. ఫ్యాక్టరీ బోల్టుల స్టీలు ఆ పనికి చాలలేదు. అవి వంగుతాయి, తుప్పు పడతాయి, విరిగినవీ ఉన్నాయి. కారు బరువులో దాదాపు 65 శాతం వెనకే ఉండే బండిలో వెనక చక్రం పట్టు తప్పితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. పరీక్ష ఇలా చేస్తారు. నట్టు వదులు చేసి బోల్టును స్పానరుతో తిప్పాలి. నిటారుగా ఉన్న బోల్టు తన అక్షం మీద నిలకడగా తిరుగుతుంది. వంగినదాని తల గుండ్రంగా ఊగుతుంది, దాంతోపాటు చేయి కూడా కదులుతుంది.

బోల్టు మీద షిమ్‌లు అనే పల్చటి లోహపు రేకులు ఉంటాయి. వెనక చక్రాల అలైన్‌మెంట్ నిర్ణయించేవి అవే. విప్పేటప్పుడు ఏ వైపు ఎన్ని ఉన్నాయో రాసుకుని, కొత్త బోల్టులు బిగించాక నాలుగు చక్రాల అలైన్‌మెంట్ తప్పక చేయించాలి. ఈ కారు నిపుణులు అధిక బలమున్న మిశ్రలోహాలతో చేయించిన బోల్టులు అమ్ముతారు. అవి మాత్రమే వాడాలి. హార్డ్‌వేర్ దుకాణంలో కొలత సరిపోయిన బోల్టు దొరికినా అటు చూడకూడదు. కారు కొన్న రోజు ఒక్క భాగానికే డబ్బుంటే దీనికే పెట్టాలి. రెండోదానికి మిగిలితే పెట్రోలు గొట్టాలకు పెట్టాలి.

డోర్లు పైకి ఎత్తితే నిలవడం లేదు. టార్షన్ బార్ కొత్తది కొనాలా?

దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు. బరువైన ఆ డోరును ఎత్తే శక్తి పైకప్పులోని టార్షన్ బార్‌ది, అంటే మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీది. విమానాలు తయారుచేసే గ్రుమ్మన్ కంపెనీ దాన్ని ద్రవ నైట్రోజన్‌లో చల్లబరచి, మెలితిప్పి తయారుచేసింది. అది తేలిగ్గా అలసిపోయే వస్తువు కాదు. అలసిపోయేది దానికి తోడుగా ఉండే గ్యాస్ స్ట్రట్, అంటే గ్యాస్ నింపిన ఊత కడ్డీ. ముందు స్ట్రట్‌లు మార్చి చూడండి. డోరు ఇంకా కుంగుతూనే ఉంటే అప్పుడు బార్‌ను సర్దాల్సి రావచ్చు. ఆ పనిని సరైన పనిముట్టుతో, ఇంతకుముందు చేసిన మనిషితో మాత్రమే చేయించాలి. బిగువులో ఉన్న బార్ చేయి జారితే ఎముకలు విరుగుతాయి. స్ట్రట్ అరిగి ఉండగానే బార్‌ను బిగించి డోరును నిలబెట్టినవారు, తర్వాత కొత్త స్ట్రట్ వేయగానే డోరు ఎగిరి పైన కొట్టుకుంటోందని ఫిర్యాదు చేస్తుంటారు.

స్పీడోమీటర్ ముల్లు కదలడం లేదు. మీటరే మార్చాలా?

మీటరు జోలికి వెళ్లకముందు ఎడమ ముందు చక్రం దగ్గర కూర్చోండి. ఈ కారులో వేగం కొలిచే కదలిక గేర్‌బాక్సు నుంచి కాక ఆ చక్రం నుంచి వస్తుంది. హబ్ మధ్యలోని దుమ్ము మూతకు చతురస్రాకారంలో చిన్న రంధ్రం ఉంటుంది. దానిలో కూర్చున్న చతురస్రపు కడ్డీ చక్రంతోపాటు తిరిగి, వెనక ఉన్న యాంగిల్ డ్రైవ్ అనే చిన్న గేరు పెట్టెను తిప్పుతుంది. అక్కడి నుంచి కేబుల్ ల్యాంబ్డా కౌంటరుకూ (ఆక్సిజన్ సెన్సరు మార్చే సమయాన్ని మైళ్లతో లెక్కించే పరికరం), దాని మీదుగా మీటరుకూ చేరుతుంది. మూతలోని రంధ్రం అంచులు అరిగి గుండ్రంగా మారితే కడ్డీ జారిపోతుంది. కేబుల్ బిగుసుకుపోతే యాంగిల్ డ్రైవ్ లోపలి పళ్లు విరుగుతాయి. కొత్త యాంగిల్ డ్రైవ్‌ను పాత మూతతో, పాత కేబుల్‌తో కలిపి బిగిస్తే కొద్దికాలానికే మళ్లీ అదే పని పడుతుంది. కాబట్టి మూడూ ఒకేసారి చూసుకోవాలి. ముల్లు కదిలిన తర్వాత కూడా మీటరు 85 మైళ్ల దగ్గరే ఆగుతుంది. అది లోపం కాదు, ఆనాటి అమెరికా నిబంధన ప్రకారం చేసిన మీటరు అది.

టైర్లు ఏ సైజువి? దొరుకుతాయా?

ముందు 195/60 ఆర్14, వెనక 235/60 ఆర్15. వెనక సైజు పాత అమెరికన్ కార్లకూ వాడతారు కాబట్టి సులువుగానే దొరుకుతుంది. 14 అంగుళాల ముందు సైజుకు మాత్రం ఎంపిక బాగా తగ్గిపోయింది. ముందు, వెనక ఒకే రకం టైర్లు కావాలంటే మొదట ముందు సైజు ఏ కంపెనీలో దొరుకుతుందో చూసుకుని, తర్వాత వెనకవి నిర్ణయించుకోండి. తయారీ తేదీ చూడకుండా ఏ టైరూ కొనవద్దు.

కరెంటు భాగాల్లో ముందుగా మార్చవలసినవి ఏవి?

తొలి కార్లలోని ద్యూసెల్లియే ఆల్టర్నేటర్లు కారు అవసరానికి చాలవు. వాటి స్థానంలో ఎక్కువ సామర్థ్యమున్నవి బిగించుకోవడం అందరూ చేసే పనే. డోరు లాకుల మాడ్యూలులోని రిలేలు అతుక్కుపోతే లాకులను కదిపే సొలినాయిడ్లకు కరెంటు ఆగకుండా అంది అవి కాలిపోతాయి. అందువల్ల మాడ్యూలు మార్చకుండా సొలినాయిడ్లు మాత్రమే మార్చడం దండగ. వెనక లైట్ల సర్క్యూట్ బోర్డులకు, పాత రిలేలకు కొత్త రకాలు తేలిగ్గా దొరుకుతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్నవారు గేర్లు వేళ తప్పి మారుతుంటే, గేర్‌బాక్సును విప్పించే ముందు దాని కంప్యూటరును పరీక్ష చేయించాలి.

స్టీలు ప్యానెల్ సొట్టపోతే మార్చక తప్పదా?

తప్పదనుకోవద్దు. ప్యానెళ్ల కొరత దృష్ట్యా మార్పు చివరి మార్గంగానే ఉండాలి. మామూలు కారులో సొట్ట తీసి, పుట్టీ పెట్టి, రంగు వేస్తే పైకి ఏమీ తెలియదు. ఇక్కడ పుట్టీకి చోటు లేదు, లోహమే తిరిగి సమం కావాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కొడుతున్నకొద్దీ గట్టిపడుతుంది కనుక, దానితో అలవాటున్న పనివాడే ఆ పని చేయాలి. గీతలు మాత్రమే పడితే, రాపిడి ప్యాడుతో స్టీలు మీది సన్నని నార గీతల దిశలోనే, ఒకే వైపుకు రుద్ది పోగొట్టవచ్చు. గుండ్రంగా రుద్దితే ఆ మచ్చ గీతకన్నా ఎక్కువ కొట్టొచ్చినట్లు కనబడుతుంది. ఇనుప పీచు వాడితే దాని రేణువులు అంటుకుని తుప్పు మరకలు తేలుతాయి. తుక్కులో దొరికిన ప్యానెల్ కొనేటప్పుడు అంచులు, మడతలు చూడండి. మధ్యలో సొట్ట తీయవచ్చు, అంచు సాగిపోతే సరిచేయడం కష్టం.

పైన స్టెయిన్‌లెస్ కదా, చాసీకి తుప్పు భయం ఉంటుందా?

ఉంటుంది. చాసీ మామూలు స్టీలే, దాని మీద ఎపాక్సీ పూత ఉంది. పూత పగిలినచోట నీరు లోపల చేరి, బయటికి కనబడకుండానే తింటుంది. పెట్రోలు ట్యాంకు కింది పలక, చాసీ ముందు కొస, ఇంజిన్ మోసే వెనక భాగం జాగ్రత్తగా చూడాలి. బ్రేకు లేదా క్లచ్ మాస్టర్ సిలిండరు కారితే ఆ ద్రవం కూడా పూతను లేపేస్తుంది. కాబట్టి కారుతున్న మాస్టర్ సిలిండరును రేపు మాపు అనకుండా మార్చాలి. కారు కొనేటప్పుడు అద్దంలా మెరిసే ప్యానెళ్లను చూసి మురిసిపోకుండా, లిఫ్టు మీద ఎక్కించి కింద చూడటం అవసరం.

నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను. భాగాల ఎంపికలో తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. అక్కడ 1976, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు పొగ పరీక్ష తప్పదు, డెలోరియన్ ఆ పరిధిలోకి వస్తుంది. ఇంధన పీడన లెక్కలు మార్చే మార్పులు, ఆమోదం లేని క్యాటలిటిక్ కన్వర్టరు (పొగను శుద్ధి చేసే భాగం), ల్యాంబ్డా వ్యవస్థ (పొగలోని ఆక్సిజన్‌ను బట్టి ఇంధనాన్ని సర్దేది) తీసివేత పరీక్షలో నిలవవు. టెక్సస్‌లో ఉన్న మిత్రుడు బిగించుకున్న ఎగ్జాస్ట్ సెట్టును చూసి ఆర్డర్ పెట్టే ముందు, కన్వర్టరుకు కాలిఫోర్నియా ఆమోద సంఖ్య ఉందా అని అడగండి.

వేలంలోనో ఆన్‌లైన్‌లోనో ప్రైవేటు వ్యక్తుల దగ్గర కొనవచ్చా?

కొనవచ్చు. కొందరు పాడైన కార్లను విప్పి భాగాలుగా అమ్ముతుంటారు, లోపలి తొడుగులు, సీట్లు, డోర్లు దొరికేది ఎక్కువగా వారి దగ్గరే. పరికరాల ఫలకం మీద ఉండే నల్లటి తొడుగు ఎండకు ముడుచుకుపోయి పగులుతుంది కాబట్టి, దాన్ని కొనేటప్పుడు వెలుతురులో అన్ని వైపులా తీసిన ఫొటోలు అడగండి. ‘అరుదైనది’ అన్న మాటకు ధర పెంచి అమ్మేవి చాలానే ఉంటాయి. అలాంటి భాగం క్లాసిక్ డీఎంసీ జాబితాలో కొత్తది ఎంతకు ఉందో ఐదు నిమిషాలు వెచ్చించి చూస్తే, వెలకు రెండింతలు చెల్లించే పరిస్థితి రాదు. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్‌కు సంబంధించినవి వాడినవి కొనకపోవడమే మంచిది.

నమూనా ఇచ్చి బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో చేయించి తెప్పించుకోవచ్చా?

సెలవులకు ఇంటికి వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది. హైదరాబాద్ బాలానగర్‌లోని లేత్ షెడ్లలో, ఆటోనగర్‌లోని వర్క్‌షాపుల్లో నమూనా చూసి అచ్చు గుద్దినట్లు చేయగల పనివారు ఉన్నారు, అందులో సందేహం లేదు. బుష్‌లు, స్పేసర్లు, బ్రాకెట్లు, ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌లు, హీటరు గొట్టాల జాయింట్లు నిశ్చింతగా చేయించుకోవచ్చు. నమూనాగా అరిగిపోయిన భాగం ఇస్తే అరుగుదలతో సహా నకలు వస్తుందని మాత్రం మరచిపోవద్దు. అరగని చోట తీసిన కొలతలతో డ్రాయింగ్ గీసి ఇవ్వాలి. ట్రెయిలింగ్ ఆర్మ్ బోల్టులు, బాల్ జాయింట్లు, బ్రేకు భాగాలు అలా చేయించకూడదు. అక్కడ కొలత సరిపోవడం కన్నా లోహం జాతి, హీట్ ట్రీట్‌మెంట్ ముఖ్యం. వాటిని ధ్రువీకరించే పరీక్షా పత్రం లేకుండా చేతికొచ్చిన బోల్టు ఎంత నునుపుగా ఉన్నా దాన్ని నమ్మడానికి లేదు.

భారతదేశానికి ఒక డెలోరియన్ తెచ్చుకుని, భాగాలు అమెరికా నుంచి తెప్పించుకుంటే సరిపోదా?

భాగాల దాకా రాకముందే కారు దగ్గరే ఆగిపోతుంది. వాడిన కార్ల దిగుమతికి ఉన్న సాధారణ నిబంధనల ప్రకారం కారు తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. డన్‌మరీ ఫ్యాక్టరీ చేసినవి ఎడమ స్టీరింగ్ కార్లు, వాటి వయసు నాలుగు దశాబ్దాలు దాటింది. అమెరికాలో ఉండగా కొని, తిరిగి వచ్చేటప్పుడు సామానుతోపాటు తెచ్చుకుందామని ఆలోచించేవారు, కొనకముందే ఈ సంగతి కస్టమ్స్ వ్యవహారాలు చూసే ఏజెంటుతో మాట్లాడి తేల్చుకోవాలి.